ఏడో చేప ఎండే దాకా: పిల్లల చేత నాటిక రాయించిన నా అనుభవం

"రాము నవ్వుతూ రా కూర్చో."

మా నాలుగో తరగతి పిల్లవాడు ఒకడు సంభాషణ పాఠం ఇలా చదివాడు. పుస్తకంలో రాము అన్న పేరు పక్కన రెండు చుక్కలు ఉన్నాయి, ఆ తర్వాత బ్రాకెట్లో "నవ్వుతూ" అని ఉంది, ఆ తర్వాతే "రా, కూర్చో" అన్న మాట ఉంది. వాడు అన్నింటినీ కలిపి ఒక్క ఊపిరిలో చదివేశాడు. మిగతా పిల్లలు ఎవరూ నవ్వలేదు. ఎందుకు నవ్వలేదో నాకు వెంటనే అర్థమైంది. వాళ్ళూ అలాగే చదివేవాళ్ళు. ఆ పేజీలో ఏది పాత్ర పేరో, ఏది నోటితో అనే మాటో, ఏది చేసి చూపించాల్సిన పనో వాళ్ళకు నేను ఎప్పుడూ విడదీసి చెప్పలేదు.

నేను పని చేసే ప్రాథమిక పాఠశాల ఉలవపాడు మండలంలో సముద్రానికి దగ్గరగా ఉంటుంది. 2022 ఏప్రిల్ దాకా మాది ప్రకాశం జిల్లా. జిల్లాలు విడదీసినప్పుడు కందుకూరు ప్రాంతంతో పాటు నెల్లూరు జిల్లాలో కలిశాం. పిల్లల మాట తీరు మాత్రం అంతకు ముందు నుంచే నెల్లూరు వైపుది. రాలేదు అనరు, రాలా అంటారు. బడిలో ఇద్దరం టీచర్లం. నాలుగు, ఐదు తరగతులు కలిపి నా గదిలో 19 మంది. కొందరి ఇళ్ళలో మామిడి, సపోటా తోటల పనికి పోతారు, కొందరి ఇళ్ళలో వేటకు పోతారు.

అంతకు ముందు ఏడాది నేనే ఒక నాటిక రాసి పంద్రాగస్టుకు వేయించాను. చెట్లు నరకకూడదు అనే విషయం మీద. పిల్లలు మాటలన్నీ తప్పు లేకుండా అప్పజెప్పారు. ఒకరి మాట అయిపోయాక రెండో వాళ్ళు అందుకునేవాళ్ళు, ఎక్కాలు చెప్పినట్టు. చెట్టును నరకడానికి వచ్చినవాడు గొడ్డలి కింద పెట్టి "నా తప్పు తెలుసుకున్నాను" అన్నాడు. ఎప్పుడు తెలుసుకున్నాడో, ఎందుకు తెలుసుకున్నాడో నేను రాసిన దాంట్లోనే లేదు. పెద్దలందరూ చప్పట్లు కొట్టారు గానీ నాకు లోపల ఏదో వెలితిగా ఉండిపోయింది. పిల్లలకు నాటకం ఎలా తయారవుతుందో తెలియకుండానే ఆ రోజు అయిపోయింది.

అందుకని ఈసారి రాసే పని కూడా వాళ్ళకే ఇవ్వాలనుకున్నాను. శనివారం మధ్యాహ్నాలు ఒక గంట ఇందుకని పెట్టుకున్నాం. సంక్రాంతి సెలవులు అయ్యాక మొదలుపెట్టి ఏప్రిల్ దాకా నడిపాం.

మొదటి శనివారం నేను చేసిన పని ఏమీ ఉపయోగపడలేదు. బోర్డు మీద "నాటకం అనగా", "పాత్ర అనగా", "రంగం అనగా" అని రాశాను. పిల్లలు ఎక్కించుకున్నారు. వారం తర్వాత అడిగితే చక్కగా అప్పజెప్పారు. "అయితే ఒక చిన్న రంగం రాయండి" అంటే ఒక్కరి పెన్సిలూ కదల్లేదు. ఒక పిల్ల మాత్రం సగం పేజీ రాసింది. "అనగనగా ఒక ఊర్లో ఒక ముసలమ్మ ఉండేది. ఆమె ఆకలి అని చెప్పింది. అప్పుడు వాడు సరే అని చెప్పాడు." అది కథ. తప్పు రాసిందని కాదు, ఆ పిల్ల వినింది కథలే కాబట్టి కథే రాసింది.

దాంతో పిల్లలకు కంఠతా వచ్చిన కథనే తీసుకుని దాన్ని నాటకంగా మార్చడం మంచిదనిపించింది. ఏ కథ అని ఎక్కువ ఆలోచించాల్సిన పని లేకపోయింది. ఏడు చేపల కథ. రాజుగారికి ఏడుగురు కొడుకులు. ఏడుగురూ వేటకు పోయి ఏడు చేపలు తెచ్చి ఎండబెట్టారు. ఆరు ఎండాయి, ఒకటి ఎండలేదు. చేపా చేపా ఎందుకు ఎండలేదు అంటే గడ్డిమోపు అడ్డమొచ్చింది అంది. అక్కడి నుంచి గడ్డిమోపు, ఆవు, ఆవును మేపేవాడు, వాడికి బువ్వ పెట్టాల్సిన అమ్మ, ఏడ్చిన పిల్లవాడు, చివరికి "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా" అనే చీమ. మన ఇళ్ళలో ఈ కథ వినకుండా పెరిగిన పిల్లలు తక్కువ. పైగా ఇందులో సగం ముందే సంభాషణగా ఉంది.

ఒక్కటే షరతు పెట్టాను. కథ చెప్పే మనిషి ఉండకూడదు. స్టేజీ మీద జరిగేది కళ్ళకు కనపడాలి, లేకపోతే చెవికి వినపడాలి. ఈ రెండూ కానిది రాయకూడదు.

మొదటి వాక్యంతోనే చిక్కు వచ్చింది. "ఆరు ఎండాయి, ఒకటి ఎండలేదు." ఇది చెప్పేది కథకుడు. కథకుణ్ణి తీసేస్తే చూసేవాళ్ళకు ఎలా తెలుస్తుంది? ఒకడు బోర్డు మీద రాసి పెడదామన్నాడు. ఇంకొకడు మైకులో చెబుదామన్నాడు. మైకులో చెబితే అది మళ్ళీ కథ చెప్పడమే కదా అని ఐదో తరగతి వాళ్ళే కాదన్నారు. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. ఇది నాకు చాలా కష్టమైన పని. జవాబు నా నాలుక మీదే ఉంది. పది నిమిషాలు పైనే గడిచాక వెనక వరుసలో ఒకడు లేచి, ఎవరితో ఏమీ చెప్పకుండా నేల మీద ఉన్న పుస్తకాలను చేపలుగా అనుకుని వంగి ఒక్కొక్కటే పట్టుకుని చూడసాగాడు.

"ఒకటి... ఎండింది. రెండు... ఎండింది."

ఆరు దాకా అలా లెక్కపెట్టి ఏడో దాని దగ్గర ఆగాడు. వేలితో నొక్కాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మొహం చిట్లించి, "ఇదేందబ్బా, ఇంకా పచ్చిగానే ఉండాదే!" అన్నాడు.

గదిలో అందరికీ ఒక్కసారిగా తెలిసిపోయింది. కథలో ఒక్క వాక్యం, నాటకంలో ఒక మనిషి, ఏడు పుస్తకాలు, ఒక వేలు, ఒక మాట. "అనగా" అని నేను వారం పాటు రాయించింది వాడు ఒక్క నిమిషంలో చేసి చూపించాడు. ఆ రోజు ఇంకేం పాఠం చెప్పలేదు. వాడు చేసిన దాన్ని అందరం కలిసి కాగితం మీద పెట్టాం. పాత్ర పేరు ఎడమ పక్కన. చేసే పని బ్రాకెట్లో. నోటి మాట రెండు చుక్కల తర్వాత. ఈసారి చదవమంటే బ్రాకెట్లో ఉన్నది ఎవరూ బయటికి చదవలేదు. అది చేయాల్సిందని ఇప్పుడు వాళ్ళకు తెలుసు, ఎందుకంటే దాన్ని అక్కడ పెట్టింది వాళ్ళే.

బ్రాకెట్లో రాసే ఈ పనులను రంగసూచనలు అంటారు. వాటి దగ్గర ఇంకో రెండు వారాలు ఆగాం. పిల్లలు "రాజుగారి కొడుకు బాధపడ్డాడు" అని రాసేవాళ్ళు. "బాధ నాకు కనపడదే, ఏం చేశాడో రాయండి" అనేదాన్ని. ఒకరు "ఏడ్చాడు" అన్నారు. చేప ఎండకపోతే రాజుగారి కొడుకు ఏడుస్తాడా అని వాళ్ళలో వాళ్ళే వాదించుకున్నారు. చివరికి "(భుజం మీద తువ్వాలు తీసి నేలకేసి కొడతాడు)" అని తేల్చారు. రాజుగారి కొడుక్కి భుజం మీద తువ్వాలు ఏమిటని నేను అడగలేదు. వాళ్ళు చూసిన కోపం వాళ్ళ నాన్నలది. ఆ కోపంలో తువ్వాలు ఉంటుంది.

ఆ తర్వాత ఒక్కో పాత్రకు ఏం కావాలో తేల్చుకోవాల్సి వచ్చింది. నాటకం రాయడంలో ప్రాణం ఇక్కడే ఉందని నా నమ్మకం. పోయిన ఏడాది నేను రాసిన నాటికలో లేనిదీ ఇదే. చెట్టు నరికేవాడికి కట్టెలు ఎందుకు కావాలో నేనే ఆలోచించలేదు. పిల్లలకు దీన్ని ఆటతో మొదలుపెట్టాను. ఇద్దరు వస్తారు, ఒకరి దగ్గర పెన్సిల్ ఉంటుంది, రెండో వాళ్ళకు అది కావాలి. "ఇవ్వు" అన్న మాట మాత్రం వాడకూడదు. ఒకడు "మీ అమ్మ నిన్ను పిలస్తా ఉంది" అని అబద్ధం చెప్పి లేపబోయాడు. ఒక పిల్ల "నీ పెన్సిల్ ముల్లు విరిగినట్టుండాదే, చూపీ" అంది. రెండో వాళ్ళు ఇవ్వనంటే ఇవ్వనన్నారు. చూస్తున్నవాళ్ళు మోకాళ్ళ మీద లేచి నిలబడ్డారు. ఒకరికి కావాలి, ఇంకొకరు అడ్డం. ఇంతే చాలు, జనం కళ్ళు తిప్పుకోరు.

అక్కడి నుంచి ఏడు చేపల దగ్గరికి వచ్చాం. ఆవుకు ఏం కావాలి? గడ్డి. మేపేవాడికి? బువ్వ. అమ్మకు? పిల్లవాడు ఏడుపు ఆపాలి. చీమకు? తన పుట్ట జోలికి ఎవరూ రాకూడదు. అన్నీ టకటకా చెప్పేశారు. గడ్డిమోపు దగ్గర ఆగిపోయారు. గడ్డిమోపుకు ఏం కావాలి? నాకూ తెలియలేదు. కాసేపటికి నాలుగో తరగతి పిల్లవాడు ఒకడు, "ఆవు తినకపోతే బతికిపోద్ది కదా టీచర్" అన్నాడు. అంటే గడ్డిమోపు చేపకు అడ్డం పడి ఉండటం దానికి సంతోషమే! అది కదలదు, కదలనివ్వదు. ఎన్నిసార్లు విన్న కథ, నాకు ఎప్పుడూ తోచని సంగతి. గడ్డిమోపు వేషం ముగ్గురు కలిసి వేయాలని, ఆవు పేరు ఎత్తగానే ముగ్గురూ ఒకరి వెనక ఒకరు దాక్కోవాలని అప్పుడే నిర్ణయమైపోయింది.

రంగాలు విడదీయడం పెద్ద కష్టం కాలేదు. చోటు మారినా, కాలం మారినా కొత్త రంగం అన్నాను. చేపలు ఎండబెట్టిన ఇసుక దిబ్బ, పొలం గట్టు, ఇల్లు అని మూడు వచ్చాయి. కొన్ని రంగాలు కలిస్తే ఒక అంకం అని, దీనికంతా ఒక్క అంకం చాలునని, ఒక్క అంకంలో అయిపోయే దాన్ని ఏకాంకిక అంటారని చెప్పాను. అయితే ఒక ఇబ్బంది బయటపడింది. అదే ప్రశ్న ఏడుసార్లు అడగాలి. కథలో వింటుంటే అదే అందం. స్టేజీ మీద ఏడుసార్లు ఒకేలా అడిగితే మూడోసారికే విసుగు. పిల్లలు దీన్ని వాళ్ళ పద్ధతిలో సరిచేశారు. ప్రతి ప్రశ్న పక్కన బ్రాకెట్లో కోపానికి అంకె వేశారు. "(కోపం 1)", "(కోపం 2)", అలా 7 దాకా. చేపను అడిగేటప్పుడు ముద్దుగా, ఆవును అడిగేటప్పుడు విసురుగా, చీమ దగ్గరికి వచ్చేసరికి గొంతు పోయి కీచుగా. ఏ పుస్తకంలోనూ లేని రంగసూచన అది. నేను దాన్ని దిద్దలేదు.

ఇంతలో మా మొత్తం నాటికను తలకిందులు చేసిన ప్రశ్న వచ్చింది. చీమ "కుట్టనా" అన్నాక తెర వేయాలని రాసుకున్నాం. కథ అక్కడే అయిపోతుంది కదా. ఒక పిల్ల చెయ్యెత్తి, "ఇంతకీ చేప ఎండిందా టీచర్?" అంది.

నిజమే. చేప ఎండలేదు. కారణం తెలిసింది గానీ చేప ఇంకా పచ్చిగానే ఉంది. కథగా వింటున్నప్పుడు చీమ మాటతో నవ్వేసి ఊరుకుంటాం. నాటకంలో రాజుగారి కొడుకు ఆ చేప కోసం తువ్వాలు నేలకేసి కొట్టాడు, ఏడు మెట్లు కోపం ఎక్కాడు. వాణ్ణి చీమ దగ్గర వదిలేసి తెర వేస్తే చూసేవాళ్ళు ఒప్పుకోరు. వాడికి కావాల్సింది దొరకాలి, లేదా దొరకదని తేలిపోవాలి.

చివర ఏం జరగాలో అందరినీ రాసుకురమ్మన్నాను. పిల్లి వచ్చి చేప ఎత్తుకుపోయిందని నలుగురు రాశారు. చీమ క్షమించమని అడిగిందని కొందరు రాశారు. చీమ ఎందుకు అడగాలి, పుట్టలో వేలు పెట్టింది వాడు కదా అని దాన్ని కొట్టేశారు. ఐదో తరగతి పిల్ల ఒకతె ఏమీ రాయలేదు. ఎందుకు రాయలేదమ్మా అంటే కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా చెప్పింది.

"గడ్డిమోపు అడ్డం ఏంది టీచర్? చేపను తిరగెయ్యకపోతే యాడన్నా ఎండద్దా? మా అమ్మ పొద్దున ఒకసారి, మజ్జానం ఒకసారి తిరగేస్తది. తిరగెయ్యకపోతే కింద పక్క పచ్చిగా ఉండి పురుగు పడద్ది. వోడు తిరగెయ్యలా. ఊరికే అందర్నీ అడగతా తిరిగినాడు."

వాళ్ళమ్మ ఇసుక మీద వల పరచి చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. ఆ పిల్ల చెప్పింది రోజూ కళ్ళతో చూసే సంగతి. గదిలో ఎవరూ మాట్లాడలేదు. తరతరాలుగా చెప్పుకున్న కథలో ఆ రాజకుమారుడు ఆ చేపను ఒక్కసారి కూడా చేత్తో తిప్పలేదు. అందరి తప్పూ అడిగాడు, తన పని తాను చేయలేదు.

అయితే చివరి రంగం తెలిసిపోయింది. నాలుగో రంగం, మళ్ళీ ఇసుక దిబ్బ. రాజుగారి కొడుకు వచ్చి చేపను తిరగేస్తాడు. తెర. అందరూ సంతోషంగా రాసేయబోయారు. అప్పుడు ఇంకో చిక్కు. అంత సులువైతే మొదటి రంగంలోనే తిరగేయొచ్చు కదా? అప్పుడు నాటకమే ఉండదు. మొదట ఎందుకు తిరగేయలేదు, చివర ఎందుకు తిరగేశాడు?

ఈ ప్రశ్నతో రెండు శనివారాలు గడిచాయి. పిల్లలు ఇంటికి పోయి కూడా దీని గురించే మాట్లాడుకున్నారట. పాఠం చెబుతూ ఇంతకాలంలో నేను చూసిన మంచి రోజుల్లో ఇవి ఉన్నాయి. తెలియదేమో అన్నారు ఒకరు. తెలియకపోతే చివర ఎలా తెలిసింది, ఎవరో చెప్పాలి కదా అన్నారు ఇంకొకరు. చీమ చెప్పొచ్చు అన్నారు. చివరికి రాజుగారి కొడుకు వేషం వేయబోయేవాడే దారి చూపించాడు. "నేను రాజుగారి కొడుకుని కదా, చేపను ముట్టుకుంటే చెయ్యి కంపు కొడద్దని ముట్టుకోలా" అన్నాడు.

దాంతో మొదటి రంగం మళ్ళీ రాశాం. ఇప్పుడు వాడు చేపలను చేత్తో పట్టుకుని లెక్కపెట్టడు. పుల్లతో పొడిచి చూస్తాడు. ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుంటాడు. అన్నలు తమ ఆరు చేపలనూ తిరగేస్తుంటే "ఛీ, నేను ముట్టుకోను" అంటాడు. అది ఒక్క మాట. చూసేవాళ్ళు నవ్వి మర్చిపోతారు. చివర్లో చీమ వాడితో "నా ఇల్లు నేను కాసుకున్నా, నీ చేప నువ్వెందుకు చూసుకోలా?" అని అడిగినప్పుడు ఆ మాట గుర్తొస్తుంది.

మన నాటక శాస్త్రంలో దీనికి బీజం అని పేరుంది. మొదట్లో చిన్నగా వేసింది చివర పండుతుంది. ఆ మాటను పిల్లలకు అప్పుడు చెప్పాను, వాళ్ళు చేసిన తర్వాత. తోటల పనికి పోయే ఇళ్ళ పిల్లలకు బీజం అంటే విత్తనం అని వేరే చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆరంభం, యత్నం, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమం అని నాటకంలో కథ నడిచే అయిదు దశలు, అంటే అవస్థలు, ఉన్నాయి. ఈ పేర్లు పిల్లలకు చెప్పలేదు. నా నోట్సులో మాత్రం వాళ్ళ నాటికను ఆ అయిదింటి పక్కన పెట్టి చూసుకున్నాను. చేప ఎండాలి అనుకోవడం ఆరంభం, ఒక్కొక్కరినీ అడుగుతూ పోవడం యత్నం. చీమ దగ్గర అసలు కారణం అందేటట్టు అనిపించడం ప్రాప్త్యాశ. పుల్ల పారేసి చెయ్యి చాపడంతో ఇక దొరుకుతుందని ఖాయమవడం నియతాప్తి. చేప తిరగబడటం ఫలాగమం. పిల్లలకు దీన్నే గుట్ట బొమ్మ గీసి చూపించాను. ఎక్కడం, పైన ఒక క్షణం ఆగడం, దిగడం. ఆ బొమ్మ మీద వాళ్ళే రంగాల అంకెలు వేశారు.

స్వగతం అన్న మాట మాత్రం చెప్పగానే పట్టేసుకున్నారు. పక్కన మనిషి ఉన్నా వాడికి వినపడనట్టు, జనానికి మాత్రం వినపడేట్టు మాట్లాడటం. వారం రోజులు బడంతా స్వగతాలే. మధ్యాహ్న భోజనం దగ్గర గుడ్డు పెట్టించుకుంటూ చెయ్యి అడ్డం పెట్టి "(స్వగతం) ఈ రోజు చిన్న గుడ్డు వచ్చినాదే" అనేవాళ్ళు. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క నేరుగా జనంతో మాట్లాడతారు కదా, అది కూడా ఇలాంటిదేనా అని ఒకరు అడిగారు. కొంత అలాంటిదే, కాకపోతే కేతిగాడు అందరికీ వినపడేటట్టే మాట్లాడతాడు అని చెప్పాను.

భాష గురించి ఒక మాట చెప్పాలి. మేం రాసుకున్న కాగితాలు చూసి బడికి వచ్చిన ఒక పెద్దాయన, "ఎండలా, ఉండాదే, యాడ... ఇవన్నీ ఏమిటమ్మా, పిల్లలకు శుభ్రమైన తెలుగు నేర్పించండి" అన్నారు. ఆయన మంచికే అన్నారు. నేను మాత్రం ఒప్పుకోలేకపోయాను. మా పిల్లలు వ్యాసాలు, ఉత్తరాలు పుస్తక భాషలోనే రాస్తారు, నేను దిద్దుతాను. నాటకంలో మాట పాత్రది. సంస్కృత నాటకాల్లోనే రాజు సంస్కృతం మాట్లాడితే, స్త్రీలు, సేవకులు ప్రాకృతం మాట్లాడతారు. వేదం వేంకటరాయశాస్త్రి గారు 1897లో వెలువరించిన ప్రతాపరుద్రీయం నాటకంలో చాకలి పేరిగాడి చేత చాకలి మాటే మాట్లాడించారు. ఎవరి పాత్రకు తగిన భాష వారిది ఉండాలన్నది ఆయన పట్టుదల. గ్రాంథికాన్ని అంతగా పట్టుకున్న పండితుడు నాటకం దగ్గరికి వచ్చేసరికి అలా రాశారు. ఆ నాటకాలను ఆడినవాళ్ళలో మన నెల్లూరు వాళ్ళున్నారు. ఇదంతా ఆ పెద్దాయనకు చెప్పాను. ఆయన విని, "అయితే రాజుగారి కొడుకు చేతనైనా పుస్తక భాష మాట్లాడించండి" అన్నారు. ఈ మాట పిల్లలకు చెబితే వాళ్ళకు బాగా నచ్చింది! కోపం 1, కోపం 2 దాకా రాజుగారి కొడుకు "ఎందుకు ఎండలేదు" అని అడుగుతాడు. కోపం 3 నుంచి "ఎందుకెండలా" అనేస్తాడు. కోపం వస్తే ఇంటి మాటే వస్తుందని వాళ్ళ వాదన. ఆ సవరణతో పాత్ర ఇంకా బలపడింది.

రాత పని మొత్తం ఒక పొడుగాటి నోటు పుస్తకంలో జరిగింది. చేప సంగతి చెప్పిన పిల్లకు రాత బాగుంటుంది, వేషం వద్దంది, అందుకని పుస్తకం ఆమె దగ్గరే ఉంచాం. మొదటి ప్రతి 11 పేజీలు వచ్చింది. వేషాలు పంచుకుని గట్టిగా చదివి చూసేవాళ్ళం. చదివేటప్పుడు ఎవరి నోట్లో మాట అడ్డం పడితే అక్కడ గీత. ఎవరికీ ఏమీ కావాల్సింది లేకుండా ఊరికే మాట్లాడుకునే చోట రెండు గీతలు. "బాగున్నావా, బాగున్నాను, ఎక్కడికి పోతున్నావు" లాంటివన్నీ అలా పోయాయి. తాము రాసింది కొట్టేయడానికి పిల్లలకు మొదట్లో ఏడుపు వచ్చినంత పని అయింది. తర్వాత తర్వాత వాళ్ళే పెన్సిల్ పట్టుకుని కొట్టేసేవాళ్ళు. చివరికి 6 పేజీలు మిగిలాయి. ఆడితే పావుగంట.

ఏప్రిల్ 16న వేశాం. కందుకూరి వీరేశలింగం గారి పుట్టినరోజు, తెలుగు నాటకరంగ దినోత్సవం. ఆయన పూర్వీకులు మా కందుకూరు నుంచే రాజమండ్రి వలస పోయారు, ఇంటిపేరు అలా వచ్చింది. 1880లో రాజమండ్రిలో ఆయన వ్యవహార ధర్మబోధిని అనే తన నాటకాన్ని ఆడించినప్పుడు వేషాలు కట్టింది ఆయన విద్యార్థులే. ఈ సంగతి చెప్పినప్పుడు మా పిల్లలు "వాళ్ళూ బడి పిలకాయలేనా!" అని అడిగి అడిగి ఖాయం చేసుకున్నారు.

ఒంటిపూట బడులు కాబట్టి పొద్దున తొమ్మిదిన్నరకు మొదలుపెట్టాం. వేపచెట్టు కింద నీడంతా వచ్చినవాళ్ళు కూర్చోవడానికే సరిపోయింది. ఆట ఎండలో. దుప్పటి తెర ఇద్దరు పట్టుకున్నారు. ఏడుగురు చేపలు గోనె పట్టాల మీద వరుసగా పడుకున్నారు. రాజుగారి కొడుకు పుల్లతో పొడిచి చూసి "ఛీ, నేను ముట్టుకోను" అన్నప్పుడు జనం నవ్వారు. గడ్డిమోపు ముగ్గురూ దాక్కోబోయి ఒకరి మీద ఒకరు పడ్డారు, లేచి మళ్ళీ దాక్కున్నారు. పిల్లవాణ్ణి ఒళ్ళో వేసుకున్న అమ్మ "వీణ్ణి దించి బువ్వ ఎట్టా పెట్టేది?" అంటే ఆడవాళ్ళ వైపు నుంచి "అదీ నిజమే" అని ఎవరో అన్నారు. చీమ వేషం వేసింది మా అందరిలోకీ చిన్న పిల్ల. అది నడుం మీద చేతులు పెట్టుకుని "నీ చేప నువ్వెందుకు చూసుకోలా?" అని అడిగిన క్షణాన అందరి మాటలూ ఆగిపోయాయి. నేను గోడ పక్కన నిలబడి ఊపిరి బిగపట్టాను. రాజుగారి కొడుకు ఏమీ అనలేదు. రాసిందే అంత. (పుల్ల పారేస్తాడు.) దిబ్బ దగ్గరికి నడిచాడు. తువ్వాలు తీసి నడుముకు చుట్టుకున్నాడు. రెండు చేతులతో ఏడో చేపను పట్టుకుని తిరగేశాడు.

ఇక తెర పడాలి. ఏడో చేప అప్పటికి పావుగంట నుంచి ఎండలో వేడెక్కిన గోనె మీద పడుకుని ఉన్నాడు. తిరగబడగానే వాడు గట్టిగా, "అబ్బా, ఆ పక్క మాడిపోయినా! ఇప్పుడా నీకు తీరింది?" అన్నాడు.

ఇది మేం రాసుకోలేదు. వచ్చినవాళ్ళు పడీ పడీ నవ్వుతుంటే తెర పట్టుకున్నవాళ్ళు కూడా నవ్వుతూ తెర లాగడం మర్చిపోయారు. "వన్స్ మోర్" అని వెనక నుంచి ఒక తాతయ్య అరిచారు, పద్య నాటకానికి అరిచినట్టు. రాజుగారి కొడుకు చేపను మళ్ళీ బోర్లా వేసి, మళ్ళీ తిరగేశాడు. వాడు మళ్ళీ అదే మాట అన్నాడు, ఈసారి ఇంకాస్త గట్టిగా.

మరునాడు పొద్దున నేను వచ్చేసరికి పుస్తకం నా బల్ల మీద ఉంది. చివరి పేజీలో "తెర" అన్న మాటను కొట్టేసి, దాని పైన సందు చేసుకుని సన్నగా రాసి ఉంది. ఏడో చేప, రెండు చుక్కలు, బ్రాకెట్లో "వీపు రుద్దుకుంటా", ఆ తర్వాత ఆ మాట. దాని కింద మళ్ళీ "తెర".